నేలపట్టు, పులికాట్‌లలో పక్షులను చూడటానికి ఒకటిన్నర రోజు సరిపోతుందా?

ప్రశ్న – హైదరాబాదు ప్రయాణికుడు

అందరికీ నమస్కారం. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివరి వారంలో మా నాన్నగారిని, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని తిరుపతి జిల్లాలోని నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రానికి, పక్కనే ఉన్న పులికాట్ సరస్సుకు రావాలని అనుకుంటున్నాను. రాత్రి రైల్లో బయలుదేరి పొద్దున గూడూరులో దిగి, అక్కడినుంచి కారు మాట్లాడుకోవాలని ఆలోచన. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మరుసటి రోజు సాయంత్రం దాకా మా చేతిలో సమయం ఉంటుంది.

నా సందేహాలు ఇవి. రెండింటిలో దేన్ని ముందు చూడాలి, ఏ వేళలో చూడాలి? పులికాట్‌లో ఫ్లెమింగోలు రోడ్డు మీదినుంచే కనిపిస్తాయని కొందరు, పడవ ఎక్కితే తప్ప కనిపించవని మరికొందరు చెబుతున్నారు, ఏది నిజం? మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కాబట్టి ఎక్కువ దూరం నడవలేరు, మెట్లు అసలే ఎక్కలేరు. మా ఇంట్లో బైనాక్యులర్లు లేవు. ఈ ఒక్క ప్రయాణం కోసం కొనడం అవసరమా, కొంటే ఎలాంటివి కొనాలి? సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండుగ రోజుల్లో వస్తే మంచిదా, ఆ రోజులు తప్పించుకుని వస్తే మంచిదా? ఇంత దూరం రావడం కంటే కొల్లేరు దగ్గరి ఆటపాకకు వెళ్లడమే తేలిక కదా అని మా బంధువు ఒకరు అంటున్నారు. దాని మీద కూడా మీ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు – నాయుడుపేట మాస్టారు

మీ ప్రయాణానికి జనవరి చివరి వారాన్ని ఎంచుకోవడం బాగుంది. ఇక్కడ పక్షుల రాకపోకలకు ఈశాన్య రుతుపవనాలే ఆధారం. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు పడి నేలపట్టు చెరువు నిండితే గూడబాతులు (పెలికాన్లు) వచ్చి గూళ్లు కట్టడం మొదలుపెడతాయి. జనవరి చివరికి చాలా గూళ్లలో పిల్లలు ఎదిగి ఉంటాయి, తల్లిదండ్రులు వాటికి మేత తేవడానికి రోజంతా తిరుగుతూ ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నాటికి పిల్లలకు రెక్కలు వచ్చి చెరువు ఖాళీ అవుతుంది. వానలు ఆలస్యమైన ఏడాది ఈ క్రమమంతా వెనక్కి జరుగుతుంది కాబట్టి, బయలుదేరే ముందు చెరువులో నీళ్లు ఏ మేరకు ఉన్నాయో కనుక్కుంటే క్యాలెండరు చూసుకోవడం కంటే ఎక్కువ ఉపయోగం.

నేలపట్టు పెద్ద అడవి ఏమీ కాదు. 1976లో సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు మాత్రమే. అందులో చూడవలసినదంతా చెరువు చుట్టూనే ఉంటుంది. చెరువు లోపల నీళ్లలో మునిగి నిలబడే కడప అనే రకం చెట్లు ఉన్నాయి, వాటి మీదనే గూళ్లు. మొదళ్ల చుట్టూ నీళ్లు ఉన్నంత కాలం నక్కలూ పిల్లులూ ఆ చెట్ల దాకా రాలేవు. నీళ్లు లేని ఏడాది పక్షులు ఇక్కడ నిలవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మీ నాన్నగారు కట్ట మీద కొద్ది దూరం నెమ్మదిగా నడిస్తే చాలు, గూళ్లు ఎదురుగానే కనిపిస్తాయి. వాచ్ టవర్ ఎక్కితే పైనుంచి చూడవచ్చు కానీ, ఎక్కకపోయినంత మాత్రాన పోయేదేమీ లేదు. నా మట్టుకు నాకు కట్ట మీదినుంచి చూడటమే ఇష్టం, ఎందుకంటే అక్కడినుంచి గూళ్లు ఇంచుమించు మన కంటి ఎత్తులోనే ఉంటాయి.

మీ అమ్మాయికి ఒక్క గూటిని ఎంచుకుని పది నిమిషాల పాటు దానినే చూడమని చెప్పండి. తల్లి వచ్చి వాలగానే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది, ఒక్కోసారి మెడ కూడా కనిపించదు. మేత అయిపోయాక కొన్ని పిల్లలు గూట్లోనే పడి రెక్కలు కొట్టుకుంటూ గింజుకుంటాయి. కొత్తగా చూసేవారు పిల్లకు ఏదో అయిందని కంగారు పడతారు కానీ, గూడబాతు పిల్లలు మేత కోసం మారాం చేసే తీరే అది. పెద్ద పక్షి పైముక్కు అంచు వెంబడి వరసగా ఉండే మచ్చలను కూడా గమనించమనండి. ఆ మచ్చలను బట్టే దీనిని ఇతర జాతుల గూడబాతుల నుంచి వేరుగా గుర్తిస్తారు.

గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, శబరి కొంగలు కూడా అవే చెట్ల మీద సర్దుకుని ఉంటాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది. బైనాక్యులర్లలోంచి చూస్తే ఆ సందులోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది.

మీ ప్రణాళిక విషయానికి వస్తే, మొదటి రోజు మధ్యాహ్నం భోజనం ముగించుకుని మూడు గంటలకల్లా నేలపట్టు చేరుకోండి, మరునాడు పొద్దున్నే సరస్సుకు వెళ్లండి. రాత్రి సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో బస చేయవచ్చు. అక్కడినుంచి నేలపట్టుకు కారులో ఎక్కువ సేపు పట్టదు, దొరవారిసత్రం దగ్గర జాతీయ రహదారి 16 మీదినుంచి కొద్దిగా లోపలికి వెళ్లాలి.

జవాబు – చెన్నైలో తెలుగువాడు

మాస్టారు చెప్పిన క్రమం సరైనదే. సరస్సు గురించి నేను వివరంగా రాస్తాను, ఎందుకంటే నేలపట్టులో ఎవరు వెళ్లినా ఎంతో కొంత చూసి వస్తారు కానీ, పులికాట్‌లో మాత్రం వేళ తప్పితే నీళ్లూ ఎండా తప్ప మరేమీ కనిపించవు.

ముందుగా ఈ రెండు చోట్లనూ వేరువేరు దర్శనీయ స్థలాలుగా లెక్కపెట్టడం మానాలి. నేలపట్టులో గూళ్లు పెట్టుకున్న గూడబాతులు మేత కోసం పులికాట్‌కే వెళ్తాయి. పొద్దెక్కి గాలి వేడెక్కాక, అవి రెక్కలు ఆడించకుండా గుంపులుగా గుండ్రంగా తిరుగుతూ పైకి లేచి సరస్సు వైపు సాగిపోవడం రహదారి మీదినుంచి కూడా చూడవచ్చు. ఒక ఇంటివారికి చెరువు పడకగది, సరస్సు వంటగది అనుకోండి. అందుకే ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగమే చూసినట్టు.

పులికాట్ మన దేశంలో చిలికా తరవాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదులనుంచి మంచినీరు, ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వచ్చి ఇందులో కలుస్తాయి. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడగా ఉన్న ఇసుక దీవే శ్రీహరికోట. సూళ్లూరుపేటనుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు సరిగ్గా సరస్సు మధ్యగా పోతుంది కాబట్టి, పడవ ఎక్కకుండానే రెండు వైపులా పక్షులను చూసే వీలు కలిగింది.

ఆ రోడ్డు ఇంచుమించు పడమటినుంచి తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఒరిగి ఉంటాడు. అందువల్ల రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూసినప్పుడు వెలుగు మన వీపు మీద పడి, పక్షుల రంగులు స్పష్టంగా తెలుస్తాయి. దక్షిణం వైపు చూస్తే అదే పక్షి నల్లటి నీడగా మాత్రమే కనిపిస్తుంది. చాలామంది ఏ వైపు ఖాళీ దొరికితే ఆ వైపు కారు ఆపుకుని, "ఏమీ తెలియడం లేదే" అనుకుంటూ వెనక్కి వెళ్లిపోతారు. మీరు ఉత్తరం వైపు ఎక్కువ సమయం గడపండి.

జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర దాటాక అవుతుంది. ఏడింటికల్లా రోడ్డు మీద ఉంటే తొమ్మిదిన్నర వరకు చక్కగా చూడవచ్చు. ఆ తరవాత నీళ్ల మీద, ఎండిన ఉప్పు నేల మీద వేడి గాలి కదలడం మొదలై దూరపు దృశ్యమంతా అల్లాడుతుంది. ఎంత ఖరీదైన స్కోపు తెచ్చినా దానిని జయించలేదు. ఆ వేళకు ఫలహారానికి వెళ్లి, తిరిగి సాయంత్రం నాలుగింటికి రావడం మంచిది.

ఇక ఫ్లెమింగోల విషయం. రోడ్డు మీదినుంచి కనిపిస్తాయి, కానీ ఎంత దగ్గరగా అన్నది ఆ ఏడాది నీటి లోతును బట్టి ఉంటుంది. అవి నిలబడి, మెడ వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదలోంచి నాచునూ సన్నటి రొయ్య జాతి జీవులనూ వడకట్టి తింటాయి. నీళ్లు కాళ్ల ఎత్తును మించితే అక్కడ వాటికి పని లేదు. అందుకే పెద్ద తుపాను వచ్చి సరస్సు నిండుగా ఉన్నప్పుడు "ఇన్ని నీళ్లున్నాయి, పక్షులేవి?" అని జనం ఆశ్చర్యపోతారు. నీళ్లు తగ్గుతూ వచ్చి, మోకాలి లోతు మడుగులు విశాలంగా ఏర్పడే జనవరి, ఫిబ్రవరి నెలలే వాటికి అనువైన కాలం. మరీ ఎండిపోతే మళ్లీ దూరం జరుగుతాయి.

మీ అమ్మాయికి ఒక మాట ముందే చెప్పి ఉంచండి. ఫొటోలలో చూసినట్టు నిలువెల్లా గులాబీ రంగు పక్షులను ఊహించుకుని వస్తే నిరాశ కలగవచ్చు. ఇక్కడ ఎక్కువగా కనిపించే పెద్ద ఫ్లెమింగో నిలబడి ఉన్నప్పుడు దూరానికి తెల్లగానే ఉంటుంది, పిల్ల పక్షులైతే బూడిద రంగులో ఉంటాయి. అసలు రంగు రెక్కలలో దాగి ఉంటుంది. గుంపులో ఒకటి రెక్క విప్పి ఒళ్లు విరుచుకున్నప్పుడు ఎర్రటి గులాబీ రంగు, దాని పక్కనే నల్లటి అంచు ఒక్క క్షణం మెరుస్తాయి. గుంపును చూస్తూ ఓపికగా నిలబడితే అలాంటి క్షణాలు చాలాసార్లు వస్తాయి. పక్షులను ఎగరగొట్టి ఆ రంగు చూడాలని చప్పట్లు కొట్టేవారు, ఈలలు వేసేవారు ఉన్నారు. మేత మేసే సమయాన్ని, ఒంట్లో దాచుకున్న శక్తిని అలా వృథా చేయించడం ఆ పక్షులకు మనం చేసే అపకారం. ఇవి ఇక్కడ గూళ్లు పెట్టవు, మేత కోసమే వస్తాయి. మన దేశంలో వాటి సంతానోత్పత్తికి పేరున్న చోటు గుజరాత్‌లోని కచ్ రణ్.

బైనాక్యులర్ల గురించి కూడా అడిగారు. 8x42 అని రాసి ఉన్నవి కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పది రెట్లు, పన్నెండు రెట్లు అంటూ దుకాణదారులు ఊరిస్తారు కానీ, రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. పిల్లలకూ పెద్దవారికీ ఎనిమిది రెట్లే హాయి. మీ నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకునేవారైతే, కంటి దగ్గర ఉండే రబ్బరు కప్పులను లోపలికి తిప్పి ఇవ్వండి. అలా చేయకపోతే చుట్టూ నల్లటి వలయం కనిపించి, ఇందులో ఏమీ తెలియడం లేదని ఆయన పక్కన పెట్టేస్తారు.

ఆటపాక మీద కూడా ఒక మాట. అక్కడ కూడా గూడబాతులు బాగా కనిపిస్తాయి, ఆటపాక ఉన్న కైకలూరు హైదరాబాదుకు దగ్గర కూడాను. అయితే ఆటపాకలో పక్షులు చాలావరకు అటవీ శాఖ ఏర్పాటు చేసిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెడతాయి. నేలపట్టులో బతికి ఉన్న చెట్ల మీద పెడతాయి. పైగా కొల్లేరు మంచినీటి సరస్సు, పులికాట్ ఉప్పునీటిది. చూసే పక్షులూ నేలా రెండూ వేరు కాబట్టి ఒకదానికి మరొకటి బదులు కాదు. మీరు ఈసారి ఇక్కడికే రండి.

జవాబు – దొరవారిసత్రం రైతు

పైన పెద్దలు ఇద్దరూ చాలా చెప్పారు, ఊరివాడిగా నేను చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి.

ఈ పక్షులు రాని ఏడాదిని మా పెద్దలు మంచి ఏడాదిగా లెక్కపెట్టేవారు కాదు. పక్షుల రెట్ట పడిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని ఇక్కడి రైతులకు తెలుసు. గూళ్ల జోలికి వెళ్లవద్దని మాకు చిన్నప్పుడు ఇంట్లోనే చెప్పి పెంచారు. అందువల్ల, వచ్చే సందర్శకులు కట్ట మీద పాటలు పెట్టుకుని తిరగడం, చెరువులోకి రాళ్లు విసరడం, చిప్స్ పొట్లాలు వదిలేసి పోవడం చూస్తే మాకు కష్టంగా ఉంటుంది. పిల్లలున్న చెట్టు దగ్గర హఠాత్తుగా అలజడి జరిగితే పెద్ద పక్షులు ఒక్కసారిగా లేస్తాయి, ఆ తొక్కిసలాటలో గూటి అంచున ఉన్న పిల్లలు కింద నీళ్లలో పడే ప్రమాదం ఉంది. కాకులూ గద్దలూ కూడా ఆ అదను కోసమే కాచుకుని ఉంటాయి. డ్రోన్లు ఎగరేయవద్దు, అది సంరక్షణ కేంద్రంలో నిషేధం కూడా.

రెట్ట వాసన ఘాటుగా ఉంటుందని మీ అమ్మాయికి ముందే చెప్పండి. ముక్కు మూసుకుని పరుగెత్తే పిల్లలను చాలామందిని చూశాం. కాసేపటికి అలవాటు అవుతుంది. టోపీ పెట్టుకుంటే రెండు విధాలా మేలు.

సాయంత్రం వేళ గేటు మూసే సమయాన్ని లోపలికి వెళ్లేటప్పుడే అడిగి తెలుసుకుని, చివరి అరగంట తప్పక ఉండండి. మేతకు వెళ్లిన కంకణాలు, నీటికాకులు, కొంగలు వరసలు కట్టి చెరువుకు చేరుతూ ఉండగా, పగలంతా కొమ్మల్లో ముడుచుకుని కూర్చున్న శబరి కొంగలు "క్వాక్" మని అరుస్తూ బయటికి వెళ్లడం మొదలుపెడతాయి.

మరో ప్రశ్న – హైదరాబాదు ప్రయాణికుడు

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే మొదటి రోజు సాయంత్రం నేలపట్టు, మరునాటి ఉదయం శ్రీహరికోట రోడ్డు అని నిశ్చయించుకున్నాము. బైనాక్యులర్లు కూడా కొనబోతున్నాను. ఇంకా రెండు విషయాలు తేలలేదు. పండుగ రోజుల సంగతి ఎవరూ చెప్పలేదు. అలాగే మరునాడు ఎండ వేళలో, అంటే పది నుంచి నాలుగు వరకు, ఏం చేయాలో తోచడం లేదు. భీములవారిపాలెంలో పడవ ఎక్కమని కారు డ్రైవరు సలహా ఇస్తున్నాడు.

జవాబు – నాయుడుపేట మాస్టారు

ఫ్లెమింగో ఫెస్టివల్ పేరుతో సూళ్లూరుపేట కేంద్రంగా జరిగే ఈ పండుగ 2001లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ మూడు రోజుల పాటు జరిగింది. మా పాఠశాల పిల్లలను నేను పండుగకే తీసుకెళ్తాను. ఆ రోజుల్లో పిల్లలకు పక్షుల గురించి వివరించేవారు ఉంటారు, ప్రదర్శనలు ఉంటాయి, ఊరంతా కదిలి వస్తుంది. పక్షులంటే ఏమీ తెలియని పిల్లలకు ఆ ఉత్సాహం చాలా మేలు చేస్తుందని నా నమ్మకం. మీ అమ్మాయి ఒక్కతే అయితే కూడా నేను పండుగకే రమ్మనేవాణ్ణి. కానీ నడవలేని పెద్దాయన వెంట ఉన్నప్పుడు ఆ జనంలో కారు ఆపుకోవడమే ఒక పరీక్ష.

జవాబు – చెన్నైలో తెలుగువాడు

మాస్టారితో ఇక్కడ ఒక్క విషయంలో విభేదిస్తాను. పండుగ మంచిదే, కానీ పక్షులను చూడటానికి కాదు. మైకులు, వాహనాలు, జనం పెరిగిన రోజుల్లో రోడ్డుకు దగ్గరగా మేసే గుంపులు సరస్సు లోపలికి జరిగిపోతాయి. పండుగ తేదీలు మీ వారంలోనే పడితే ప్రయాణాన్ని ఒక వారం తరవాతకు జరుపుకోండి.

పడవ విషయంలో మీ డ్రైవరు చెప్పినదానిలో సగం నిజం ఉంది. తడ దగ్గరి భీములవారిపాలెంలో, నీళ్లు తగినంత ఉన్నప్పుడు, పడవ షికారు ఉంటుంది. సరస్సు ఎంత విశాలమో తెలియాలంటే అది బాగుంటుంది. అయితే ఫ్లెమింగోల కోసమని ఎక్కవద్దు. పడవ దగ్గరయ్యేకొద్దీ అవి లేచిపోతాయి, అవి నిలబడే లోతులో పడవ నడవదు కూడా. ఎక్కే ముందు ముగ్గురికీ లైఫ్ జాకెట్లు ఇస్తారో లేదో చూసుకోండి, ఇవ్వకపోతే ఎక్కవద్దు. మీ నాన్నగారికి పడవలోకి దిగడం ఇబ్బంది అనిపిస్తే ఆ సమయంలో సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడికి తీసుకెళ్లవచ్చు. ఆ గుడి తలుపులు రాత్రింబవళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం వెళ్లినా మూసి ఉంటుందన్న బెంగ లేదు.

మరో రెండు జాగ్రత్తలు. శ్రీహరికోట రోడ్డు అంతరిక్ష కేంద్రం ఉద్యోగుల బస్సులు తిరిగే దారి, ఉదయం సాయంత్రం అవి వేగంగా వస్తాయి. కారును పూర్తిగా రోడ్డు దించి, వెడల్పుగా ఉన్న చోటనే ఆపించండి. అమ్మాయిని రోడ్డు దాటనివ్వకండి. మీ నాన్నగారికి ఒక మడత కుర్చీ తీసుకెళ్తే కారు పక్కనే కూర్చుని ఉత్తరం వైపు హాయిగా చూస్తారు. ఇక దీవి మీదికి అనుమతి లేనివారిని వెళ్లనివ్వరు, గేటు దగ్గర వెనక్కి తిరగవలసిందే. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఆ దారిలో రాకపోకల మీద ఆంక్షలు ఉంటాయి కాబట్టి, రైలు టికెట్లు తీసుకునే ముందు ఆ వారంలో ప్రయోగం ఏదైనా ఉందేమో చూసుకోండి.

జవాబు – దొరవారిసత్రం రైతు

చెరువులో నీళ్ల సంగతి జనవరి మధ్యలో ఇక్కడే మళ్లీ అడగండి, కట్ట మీదికి వెళ్లి చూసి రాస్తాను. కారు గూడూరులో కాకుండా నాయుడుపేటలో మాట్లాడుకుంటే మీకు కొంత ఖర్చు తగ్గవచ్చు, దారి తెలిసినవారు కూడా దొరుకుతారు. నాయుడుపేటలో ఆగే రైలు ఉందేమో చూడండి.